దేముడు చేసిన అచ్చు

సత్యవాణి అబద్ధమాడి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. కథ ఆ అబద్ధం దగ్గర్నుంచే ఎత్తుకుందాం.

బెంగాల్లోని ఖరగ్‌పూర్ దగ్గర విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఇసక అచ్చుల్లో అల్యూమినియం పోతలు పోసే చిన్న షెడ్డు పైడితల్లి కాస్టింగ్స్. సత్యవాణి, ఆమె తమ్ముడు సాయికుమార్ దానికి భాగస్థులు. నిన్న ఆ షెడ్డు ఆఫీసు గదిలోకి డయానా అనే కెన్యా దేశస్థురాలు వచ్చింది. బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద ఒక లోహపు ముక్క పెట్టింది. సగం నల్లబడింది, ఒక పక్క వంగిపోయింది. మోర్టారు గుండు తోక అది. గుండు తిన్నగా ఎగరడానికి వెనక రెక్కలుంటాయి. గుండు పేలి తునాతునకలైపోయినా ఈ తోక మాత్రం చాలాసార్లు నేలలో దిగబడి మిగిలిపోతుంది.

అంతర్యుద్ధంలో మండుతున్న ఒక దూరదేశంలో, ఒక సంతలో, అది డయానాకు దొరికింది. ఆ దేశానికి ఆయుధాలు గానీ, ఆయుధాల భాగాలు గానీ ఎవ్వరూ అమ్మకూడదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి నిషేధం పెట్టింది. దాన్ని ఎవరు తుంగలో తొక్కుతున్నారో కనిపెట్టి మండలికి చెప్పడమే డయానా పని. ఎవరినీ పట్టుకునే అధికారం ఆమెకు లేదు. సరుకు ఆపాలన్నా, తాళం పగలగొట్టాలన్నా ఆ దేశపు అధికారులే చెయ్యాలి. అందుకే కలకత్తా నుంచి కస్టమ్స్ అధికారి ఒకాయన ఆమె వెంట వచ్చాడు. ఈ తోకలు పంపు విడిభాగాల పేరుతో ఖరగ్‌పూర్ వైపు నుంచి వెళ్ళాయన్నంత వరకే వాళ్ళకు తెలుసు. పార్కులో పోతపని చేసే ప్రతి షెడ్డూ తిరుగుతున్నారు.

"ఇది మీ దగ్గర పుట్టిందేనా?" అని డయానా అడిగింది.

సత్యవాణి ఆ ముక్కను చూసింది. ప్రతి రెక్క మొదట్లోనూ మూల గుండ్రంగా ఒత్తి ఉంది. ఒత్తిన చోట ఎడమ పక్కకి చిన్న వాలు. ఆ వాలు ఎవరి బొటనవేలిదో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే బడికి వెళ్ళింది.

"నాకు తెలీదండీ," అంది.

*

మర్నాడు పనివాళ్ళు భోజనాలకు వెళ్ళిన వేళ చూసి ఆమె చెక్క నమూనాలుంచే గది తాళం తీసింది. టేకుతో ముందు వస్తువు నమూనా చేస్తారు. దాన్ని ఇసకలో గట్టిగా కూరి పైకి తీస్తే అదే ఆకారంలో బోలు మిగులుతుంది. ఆ బోలులో కరిగిన లోహం పోస్తారు. షెడ్డులో పుట్టిన ప్రతి వస్తువుకూ అమ్మ కడుపులాంటిది ఆ నమూనా. దాన్ని వాళ్ళు అచ్చు అనే అంటారు.

రెక్కల అచ్చు ఉండాల్సిన అరలో దుమ్ము మీద ఖాళీ జాగా మాత్రం ఉంది.

వెనకవైపు నుంచి డీజిల్ వాసన వచ్చింది.

షెడ్డు వెనక ఎర్రమట్టి నేల మీద సాయికుమార్ పాత చెక్కలన్నీ కుప్ప పోసి, డబ్బాలోంచి డీజిల్ చల్లుతున్నాడు. చొక్కా చంకల దాకా తడిసిపోయింది. అక్కను చూసి డబ్బా కింద పెట్టాడు, కానీ చేతిలో అగ్గిపెట్టె దాచుకోలేదు.

"ఏటి చేస్తున్నావురా?"

"పాత చెక్కలప్పా. చెదలు పట్టేసినాయి. తగలెట్టేస్తన్నాను."

సత్యవాణి మాట్లాడకుండా కుప్ప దగ్గర కూర్చుని చెక్కలు ఒక్కొక్కటే పక్కకు లాగింది. అడుగున, గోనెసంచిలో చుట్టి ఉంది రెక్కల అచ్చు. లాగుతుంటే మేకు ఒకటి అరచేతిలో గీరుకుంది. ఆమె చూసుకోలేదు.

"దీనికి చెదల్లేదే," అంది.

సాయికుమార్ ముఖం తిప్పుకున్నాడు. చిన్నప్పుడు పతంగు తెగిపోతే ఇలాగే ముఖం తిప్పుకునేవాడు, ఏడుస్తున్నట్టు తెలియకూడదని.

"పంపుకన్నావు. నా ఎదురుగా కూర్చుని, పొలాల్లో నీళ్ళు తోడే పంపుకన్నావు కదరా."

"మొదట నేనూ అదే అనుకున్నాను. ఒట్టు. బ్రోకరు సుందర్ రాజు తెచ్చిన ఆర్డరు. పెద్ద ఎగుమతి కంపెనీ అన్నాడు. మనకి రైల్వే పనులు ఆగిపోయి ఎంతకాలమైందో నీకు తెలీదా? ఇరవై కుటుంబాలోళ్ళు నా మొహం చూస్తన్నారు."

"మొదట అనుకున్నావు. తరవాత?"

అతను అగ్గిపెట్టెను బొటనవేలితో తెరుస్తూ మూస్తూ ఉండిపోయాడు. దూరంగా గూడ్సు బండి ఒకటి పోతున్న చప్పుడు.

"రెండోసారి లోడు అడిగినప్పుడు అదే అచ్చుకి కొలతలు కొంచెం మార్చమన్నారు. పంపు కొలతలు అలగుండవు. నేను అడిగినాను. సుందర్ రాజు నవ్వినాడు. 'తోకే కదా సాయీ, తోకకి పాపమేటి' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏటనలేదు."

అచ్చును ఒళ్ళో పెట్టుకుని ఎర్రమట్టిలో అలాగే కూర్చుండిపోయింది.

సాయికుమార్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గొంతు పెరిగింది. "నువ్వే చెప్పప్పా, తోక పేలుతాదా? మందు ఎవడో నింపుతాడు. ఇంకెవడో పేలుస్తాడు. మనం అల్యూమినియం పోసినాం, అంతే. పెద్ద పెద్ద దేశాలు విమానాలకి విమానాలే అమ్ముకుంటన్నాయి. వాళ్ళని ఏ డయానా వెళ్ళి అడిగింది? రూలు మన ఇసకలోకే వస్తాదా?"

అతను అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. పూర్తిగా అబద్ధమైతే చెంప మీద ఒకటి కొట్టి ఊరుకునేది.

"వాళ్ళని అడగలేదేమో. నన్ను అడిగింది. నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పినాను."

"మంచిపని చేసినావు. ఆవిడ ఇవాళ మధ్యాహ్నం బండికి హౌరా వెళ్ళిపోతాది. ఇది కాలిపోతే ఇంకేటీ ఉండదు. ఉన్న పెట్టెలు కంటైనర్లో ఎక్కిపోయినాయి. ఇదే ఆఖరు. అమ్మోరి మీద ఒట్టేసి చెప్తన్నాను, ఇంక చెయ్యను."

"ఎక్కిపోయినాయా?"

అతను నాలుక కరుచుకున్నాడు.

"ఎక్కడుందిరా ఆ కంటైనరు?"

"యార్డులో. రేపు కదులుతాది."

సత్యవాణి లేచి నిలబడింది. సాయికుమార్ కూడా లేచి అచ్చుకు అడ్డంగా చెయ్యి వేశాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. నలభై ఏళ్ళ మనిషి, ముప్పై ఆరేళ్ళ మనిషి, తిరనాళ్ళ బొమ్మ కోసం కొట్టుకునే పిల్లల్లా ఒక చెక్కముక్కను లాక్కుంటున్నారు. అతనికి బలం ఎక్కువ. లాక్కోగలడు. లాక్కోలేదు. చెయ్యి పట్టుకునే ఉండి, నెమ్మదిగా అన్నాడు:

"దీనిమీద నాన్న చెయ్యుందప్పా. పోలీసులొస్తే మొట్టమొదట అడిగేది, అచ్చు చేసినోడెవడని. నాన్న పేరు చెప్తావా? నలభై ఏళ్ళు వర్క్‌షాపులో ఒక్క మాట పడని మనిషిని స్టేషన్లో కూర్చోబెడతావా?"

నిన్న డయానా చెప్పిన మాట ఒక్కటే ఆమె చెవుల్లో ఉంది.

"ఆ సంతలో ఉప్పు కోసం నిలబడ్డారట్రా," అంది. "చాలా రోజులకి ఉప్పు లారీ వచ్చిందట. ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని వరస కట్టినారట. ఆ వరస మీద పడింది."

సాయికుమార్ చెయ్యి వదిలేశాడు.

*

స్కూటీ ముందు గోనెసంచి పెట్టుకుని, తండ్రి ఉండే తాల్‌బగీచా వైపు వెళుతూ దారిలో ఒకచోట ఆగి భర్తకు ఫోను చేసింది. ప్రశాంత్ గూడ్సు బండి గార్డు. రెండు రోజులుగా టాటానగర్ వైపు డ్యూటీలో ఉన్నాడు. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో అతన్ని అడగకుండా ఆమె పెద్ద పని ఏదీ చెయ్యలేదు, అతనూ అంతే. ఫోను కలవగానే అంతా గబగబా చెప్పేసింది. అవతల బండి చప్పుడు తప్ప చాలాసేపు ఏమీ వినపడలేదు.

"వింటున్నారా?"

"వింటన్నాను. నేను వచ్చేదాకా ఆగు, సత్యా. ఎవరికీ ఏటీ చెప్పకు. మావయ్యకి అసలు చెప్పకు."

"ఆగడానికి లేదండీ. రేపు కంటైనరు కదిలిపోతాది."

"ఆగమన్నాను కదా," అన్నాడతను. లైను తెగిపోయింది. తెగిందో, పెట్టేశాడో.

ఆమె కాసేపు ఆలోచించింది. ఆగితే తమ్ముడు మిగులుతాడు, తండ్రి పరువు మిగులుతుంది. పెట్టెలు మాత్రం వెళ్ళిపోతాయి. స్కూటీ స్టార్టు చేసింది.

తండ్రి దేముడు వసారాలో చాప మీద కూర్చుని, ముఢీ అనే మరమరాల్లో ఉల్లిపాయ, ఆవనూనె కలుపుకుంటున్నాడు. భార్య పోలమ్మ పోయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం అదే ఆయన భోజనం, కూతురు ఎంత పోరినా మానడు. రైల్వే వర్క్‌షాపులో చెక్క నమూనాల పని చేసి రిటైరైన మనిషి. రంపం కింద పడి కుడి బొటనవేలి కొస ఎప్పుడో పోయింది. మిగిలిన వేలు ఎడమకి వంగి అతుక్కుంది.

గోనెసంచి విప్పగానే ఆయన ముఖం వెలిగింది. "ఇది నా పంపు ముక్క గదా! ఏల పట్టుకొచ్చినావమ్మా? ఇరిగిందా ఏటి?"

"విరగలేదు నాన్నా."

చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు నమలలేదు, తమ్ముణ్ణి దాచలేదు. దేముడు అడ్డు రాలేదు. వింటూ వింటూ ఉండగా ఆయన వేలు దానంతటదే రెక్క మొదట్లోకి వెళ్ళి ఆనింది. అక్కడ మూల పగలకుండా మైనం పెట్టి ఒత్తింది ఆ వేలే. పెట్టగానే సరిగ్గా కూర్చుంది. వెంటనే కాలినట్టు తీసేసుకున్నాడు.

"ఎవులు పోనారు?" అని అడిగాడు.

"ఉప్పు కోసం నిలబడినోళ్ళు."

"పిల్లలున్నారా?"

ఆమె తల వంచుకుంది. ఆయన ముఢీ గిన్నె దూరంగా జరిపి, పైన కంచం మూత పెట్టాడు. వీధిలో చేపలమ్మే దీదీ కేక వేసుకుంటూ వెళ్ళింది.

"నాను ఉజ్జోగమంతా బ్రేకు దిమ్మలకి, రైలు పెట్టె అడుగు సామాన్లకి అచ్చులు సేసినాను," అన్నాడు దేముడు. "బండి ఆగాల, జనం సల్లగా దిగాల. అదొక్కటే నాకు తెలిసిన పని. ముసిలోణ్ణయ్యాక కూడా నా కొడుక్కి పనికొచ్చినానని మురిసిపోనాను. సూడు ఏ పనికొచ్చినానో."

"నీకు తెలీదు కదా నాన్నా."

"నాకు తెలీదు. దానికి తెలుసా నాకు తెలీదని? అదెళ్ళి పడిపోనాది." కొంచెంసేపాగి అడిగాడు: "సాయిగాడు ఎరిగే సేసినాడా?"

"మొదట కాదు."

"తరవాత?"

"ఎరిగే."

దేముడు గోడ పట్టుకుని లేచాడు. దండెం మీద తెల్లచొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టడానికి కూతురు ముందుకొచ్చింది. ఆయన వద్దన్నాడు, తనే పెట్టుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఆ అమ్మి దగ్గరికి. బండెక్కిపోతాదన్నావు గదా. పద."

"నీ పేరు బయటికొస్తాది. నేను ఒక్కదాన్నే వెళ్ళి, అచ్చిచ్చేసి వచ్చేస్తాను. ఎవరు చేసినారో చెప్పను."

"ఏల సెప్పవు? దొంగతనం సేసి తెచ్చిన పేరా అది?"

"సాయిని పట్టుకుపోతారేమో నాన్నా."

ముసలాయన గుమ్మంలో ఆగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి కానీ గొంతు మారలేదు. "పట్టికెల్తే నాను కూడు అట్టుకెళ్ళి ఆడికి ఎడతాను. ఆడు నా కొడుకు కాకుండా పోడు. ఆ ఆడోళ్ళకి మాత్రం ఆళ్ళ పిల్లలు రారు. నడు."

*

ప్రేమ్ బజార్ దాటాక, కాలేజీ పిల్లల సైకిళ్ళ మధ్య నుంచి తప్పించుకుంటూ, డయానా దిగిన అతిథిగృహం చేరేసరికి ఆమె సామాను జీపులోకి ఎక్కుతోంది. స్కూటీ వెనక నుంచి తెల్లచొక్కా ముసలాయన దిగడం, ఆయన చంకలో గోనెసంచి ఉండటం ఆమె చూసింది. ఏమీ అడక్కుండా డ్రైవరుకు సైగ చేసి, మెట్లెక్కి గది తలుపు మళ్ళీ తెరిచింది.

"నిన్న నేను మీకు అబద్ధం చెప్పాను," అంది సత్యవాణి ఇంగ్లీషులో. దారంతా కూడబలుక్కున్న మాటలేవీ నోటికి రాలేదు. "అది మా దగ్గర పోసిందే. ఈయన మా నాన్నగారు. అచ్చు చేసింది ఈయన. ఎందుకు వాడతారో ఈయనకి తెలీదు. మిగిలిన పెట్టెలు కంటైనర్లో ఉన్నాయి. రేపు కదులుతుంది."

డయానా వెనకే గదిలోకి వచ్చిన కస్టమ్స్ అధికారి చేతిలో పేపరు పడేశాడు. ఏ యార్డు, ఎవరి పేరు మీద, ఏ కంపెనీ అని గబగబా అడిగాడు. తెలిసినంత వరకు ఆమె చెప్పింది. తమ్ముడి పేరు చెప్పేటప్పుడు గోడవైపు చూస్తూ చెప్పింది. ఆయన ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి పరుగెత్తాడు. "దాదా, ఆ పెట్టె కదలకూడదు, కదలకూడదు," అని బెంగాలీలో ఆయన అరుస్తున్నది లోపలికి వినపడుతూనే ఉంది.

గదిలో ముగ్గురు మిగిలారు. డయానా నిన్నటి తోకముక్కను తీసి అచ్చు పక్కన పెట్టింది. దేముడు ముందు అచ్చు మీద, తరవాత ఆ కాలిన ముక్క మీద తన వంకర వేలు ఆనించి చూపించాడు. రెండుచోట్లా ఒకేలా కూర్చుంది. డయానా ఆ వేలికేసి చాలాసేపు చూసింది. ఒకప్పుడు మందుపాతరలు తీసే పని చేసిన మనిషి ఆమె. మెడ మీద పెద్ద మచ్చ ఉంది. కుర్చీ లాగి ముందు ఆయన్ని కూర్చోబెట్టి, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది.

"మీ నాన్నగారిని క్షమించమని అడుగుతున్నానని చెప్పండి," అంది సత్యవాణితో. "ఇంకొకటి కూడా చూపించాలి."

ఆమెకు తెలుగు రాదు, హిందీ రాదు. దేముడికి ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్యా సత్యవాణి మాట అటూ ఇటూ మోస్తోంది.

డయానా సంచిలోంచి ఇంకో మూట తీసి విప్పింది. ఇదీ తోకే. మొదటిదానికంటే పెద్దది. రెక్కలు ఎక్కువ. "ఇది కిందటి నెల దొరికింది. మొదటిదానికంటే ఇవే ఎక్కువ పడుతున్నాయి ఇప్పుడు. ఇది మీ కంటైనర్లో ఉంటుందా?"

సత్యవాణి తల అడ్డంగా ఊపింది. "ఇలాంటిది మా షెడ్డులో ఎప్పుడూ పొయ్యలేదు. నిజంగా చెబుతున్నాను. ఇది మాది కాదు."

దేముడు చెయ్యి చాచి ఆ ముక్కను అందుకున్నాడు. వెలుగుకు తిప్పాడు. రెక్క మొదట్లో వేలు ఆనించాడు.

"నాదే," అన్నాడు.

"నాన్నా, సరిగ్గా చూడు. మన దగ్గర ఇంత పెద్దది..."

"నాను రెండు సేసినానమ్మా. సిన్నది, పెద్దది. ఆఖర్న సేసింది ఇదే."

"మరి అరలో ఎప్పుడూ ఒక్కటే ఉండేదే. పెద్దది సాయి ఎవరికిచ్చాడు? సుందర్ రాజుకా?"

"సాయికి దీని సంగతే తెలీదు." ముసలాయన ముక్కను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇప్పుడిప్పుడే ఏదో అర్థమవుతున్నట్టు ఆయన నుదురు ముడుచుకుపోయింది. "ఇంటికొచ్చి సేయించుకుని పట్టుకెళ్ళినోడు వేరు. ఇంకో సోట కొత్త పని ఎడతన్నాం, సత్యకి ఇప్పుడే సెప్పకు మావయ్యా, అయినాక సెప్దాం, సంబరపడతాది అన్నాడు. నానూ అలగే అనుకున్నాను."

"ఎవరు నాన్నా?"

అడిగేసింది గానీ, మావయ్యా అన్న మాట దగ్గరే ఆమెకు తెలిసిపోయింది.

"మీ ఆయనే తల్లీ. ప్రశాంతు బాబు."

వరండాలో అధికారి అరుపు ఆగిపోయింది. కంటైనరు ఆపారని చెబుతూ ఆయన లోపలికి వస్తున్నాడు. డయానా ఒకసారి తండ్రి ముఖం, ఒకసారి కూతురి ముఖం చూసింది. సత్యవాణి ముఖంలో రక్తం ఇంకిపోవడం ఆమె కనిపెట్టింది.

"రెండో అచ్చు ఎవరి దగ్గరుందో చెప్పారా? ఏమన్నారాయన?"

సత్యవాణి తండ్రికేసి చూసింది.

"సెప్పమ్మా," అన్నాడు దేముడు మెల్లగా. "నాను సెప్పింది సెప్పినట్టే సెప్పు."

ఆమె ఏం చెబితే అదే ఆయన చెప్పిన మాట అవుతుంది. ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది ఆమె ఒక్కతే.